మారుమనస్సు, క్రొత్తజన్మము: తెలుఁగు బైబిలులోని కొన్ని మాటల విమర్శ

తెలుఁగు బైబిలు భాషను గూర్చి మన పండితులలో నొక యభిప్రాయము చిరకాలముగ నాటుకొని యున్నది. అది పాదిరుల తెలుఁగనియు, వ్యాకరణమునకుఁ గాని నుడికారమునకుఁ గాని యొదుగదనియు, సాహిత్యవిమర్శకు విషయము కాఁదగదనియు ననువారు పలువురు. ఆ యనువాదములలోని వాక్యరచన పెక్కుచోట్ల మూలభాషల పోకడకు లోనై బిగిసియున్న మాట నిజమే. కాని వాక్యము వేఱు, మాట వేఱు. వాక్యము కుంటువడిన చోటను మాట చక్కఁగా నిలిచియుండవచ్చును. ఒక మతము క్రొత్తగా నొక భాషలోఁ బ్రవేశించినప్పుడు దాని యనుభవమునకెల్ల నాధారమైన రెండు మూఁడు మాటలెట్లు కుదిరినవో చూచినచో, ఆ మతమును గూర్చియుఁ దెలియును, ఆ భాషను గూర్చియుఁ దెలియును. క్రైస్తవమున నట్టి మూలానుభవము మనుష్యుఁడు నూతనుఁడగుట. పాతవాఁడు పోయి క్రొత్తవాఁడు కలుగుట యన్న ఈ భావమును తెలుఁగు ఏ మాటలతోఁ బలికెను? ఆ మాటలు తమ పూర్వార్థములను విడిచినవా, వెంటఁ దెచ్చుకొన్నవా? ఈ వ్యాసమున విచార్యమైనది ఇంతియే.

ముందుగా గ్రంథచరిత్రము నించుక స్మరింపవలెను. బైబిలును దెనిఁగించు యత్నము 18వ శతాబ్దిలో బెంజమిన్ షుల్జ్ అను జర్మను బోధకునితో మొదలైనది. అతని యనువాదము అచ్చునకు రాలేదు. 1805లో విశాఖపట్టణము చేరిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అను నిద్దఱు మరల నా పనికిఁ బూనుకొనిరి. క్రైస్తవము స్వీకరించిన ఆనందరాయరను బ్రాహ్మణుఁడు వారికిఁ దోడ్పడెను. క్రాన్ 1809లోను, డెస్ గ్రాంజెస్ 1810లోను మరణించిరి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చుపడినవి. 1818లో క్రొత్తనిబంధన మచ్చటనే వెలువడెను. పిమ్మటఁ బలువురు పలుమాఱులు దానిని దిద్దిరి. ప్రొటెస్టెంటు సంఘములలో నేఁడును విశేషముగఁ బఠింపఁబడు పాతపాఠము అట్టి దిద్దుబాట్ల ఫలము. ఇచ్చటఁ జర్చింపఁబడు మాటలన్నియు నా పాఠములోనివే. ఒక్క చేతి పని కానందున, వానిలోని మేలును లోపమును ఒక వ్యక్తికి నంటఁగట్టుట తగదు. అవి మూలమెఱిఁగిన పరదేశీయులును, భాష యెఱిఁగిన దేశీయులును గలిసి చేసికొన్న యొడంబడికలు.

మొదటి మాట మారుమనస్సు. క్రొత్తనిబంధనము గ్రీకుభాషలో వ్రాయఁబడినది. అందుఁ జేసిన తప్పునకు వగచుటను దెలుపు మాటలు రెండు గలవు. ఒకటి మెతానొయియా; మనస్సు మాఱుట యని దాని యవయవార్థము. రెండవది మెతామెలొమై యను క్రియ. చేసినదానికిఁ బిమ్మట నొచ్చుకొనుట యని దాని యర్థము. యోహాను అరణ్యమునఁ బ్రకటించినది మొదటిది. యేసును బట్టియిచ్చిన యూదా పొందినది రెండవది. అతఁడు నొచ్చుకొనెను, వెండినాణెములను దిరిగి పాఱవైచెను, పోయి యురి వేసికొనెను. అతని మనస్సు మండెనే కాని మాఱలేదు. గ్రీకుమూలమున నీ భేదము స్పష్టము. లాటిను అనువాదమున రెంటికిని ఒకే ధాతువునకు సంబంధించిన మాటలు వాడఁబడుటచే నా భేదము చెడినది. అంతేకాక, మనస్సు మాఱుటను జెప్పవలసిన చోట ప్రాయశ్చిత్తము చేయుట యని యర్థము పొడసూపెను. 1517లో లూథరు ప్రకటించిన తొంబదియైదు ప్రతిపాదనలలో మొదటిది ఈ మాటను గూర్చియే. ఎరాస్మసు తన లాటిను క్రొత్తనిబంధనపుఁ గూర్పులో పాతమాటను మార్చి, తెలివి తెచ్చుకొనుట యను నర్థమిచ్చు వేఱొక మాటను బెట్టెను. 1611 నాఁటి యింగ్లీషు బైబిలులో సైతము రెండు తావుల నొక్క మాటయే కానవచ్చును.

తెలుఁగుపాఠమున నీ కలఁత లేదు. యోహాను బోధించునది మారుమనస్సు. యూదాకుఁ గలిగినది పశ్చాత్తాపము. ఇందు నామపదముల భేదమే కాదు, వానికిఁ జేరిన క్రియల భేదమును జూడవలెను. పశ్చాత్తాపమునకుఁ జేరినది పడు అను ధాతువు. భయపడుట, బాధపడుట, సిగ్గుపడుట వంటివానిలో మనుష్యుఁడు తనమీఁద వచ్చిపడినదానిని భరించువాఁడు మాత్రమే. మారుమనస్సునకుఁ జేరినది పొందు అను ధాతువు. వివేకము పొందుట, శాంతి పొందుట, మోక్షము పొందుట యన్నప్పుడు, పొందువాఁడు చేయి చాఁపవలెను, ఇచ్చువాఁ డొకఁడుండవలెను. గ్రీకున మనస్సు మార్చుకొనుఁడని కర్తకు సూటియైన విధి. తెలుఁగున నది పొందుఁడని విధి. ఒక దానిని పొందుమని యాజ్ఞాపించుట తర్కమునకు వింతగాఁ దోఁచును. కాని క్రైస్తవసిద్ధాంతమున ఈ మార్పు మానవప్రయత్నమును గాదు, కేవలము దైవకృత్యమును గాదు. కృపచే నీయఁబడి విశ్వాసముచే నందుకొనఁబడునది. మూలమున లేని యీ సూక్ష్మమును తెలుఁగు క్రియ తనంతటఁ దానే పలికినది. దీనిని అనువాదదోష మనరాదు. భాష చేసిన వ్యాఖ్య యనవలెను.

ఇఁక సమాసమును విప్పి చూతము. అచ్చుపుస్తకములలో సాధురేఫముతో మారు అని కానవచ్చినను, వ్యాకరణసమ్మతమైన రూపము శకటరేఫము గల మాఱు. మాఱు అచ్చతెనుఁగు, మనస్సు తత్సమము. కావున నిది చిన్నయసూరి వింగడించిన మూఁడువిధములలో మిశ్రసమాసము. దీనికి విగ్రహము రెండువిధములఁ జెప్పవచ్చును. మాఱిన మనస్సు అన్నచో, ఉన్న మనస్సే మార్పు నొందినది. మాఱైన మనస్సు అన్నచో, ఉన్నదానికి బదులుగా వేఱొకటి వచ్చినది. మొదటి విగ్రహమున మనుష్యుఁడు వాఁడే, గుణము వేఱు. రెండవదానిలో లోపలి మనిషియే వేఱు. ఈ ద్వైధము అనువాదకుల యజాగ్రత్త వలనఁ గలిగినది కాదు, బైబిలులోనే యున్నది. తప్పిపోయిన కుమారుని కథలో కుమారుఁ డతఁడే, మాఱినది త్రోవ. యెహెజ్కేలు ప్రవక్త గ్రంథమున రాతిగుండె తీసివేయఁబడి మాంసపుగుండె యీయఁబడునని యున్నది. అచ్చట ఉన్నది పోయి లేనిది వచ్చుచున్నది. క్రైస్తవుఁడైనవాఁడు తన పూర్వజీవితముతో సంబంధము గలవాఁడా, లేనివాఁడా యను ప్రశ్నకు వేదాంతులు శతాబ్దులుగ వాదించిన రెండు సమాధానములును ఈ యైదక్షరముల సమాసమున నిమిడియున్నవి.

కాని మాఱు అను పదమునకు మఱియొక కుటుంబమును గలదు. మాఱువేషము, మాఱుపేరు, మాఱుతల్లి యను వానిలో మాఱు అనఁగా నిజము కానిది, నిజమైనదాని స్థానమున నిలిచినది. ఈ వాసన మాఱుమనస్సునకు సోఁకకుండునా? చరిత్రము చూచినచో సోఁకినదనియే చెప్పవలెను. మతము పుచ్చుకొన్నవాని మనస్సు నిజముగా మాఱినదా, మాఱువేషము వేసినదా యను సందేహము ఇరుగుపొరుగువారికే కాదు, బోధకులకును గలిగెను. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును బీడించిన గొప్పకఱవు కాలమున ఒంగోలులోని అమెరికను బాప్తిస్టు మిషనరి జాన్ క్లౌ బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో నొక భాగమును గుత్తకుఁ దీసికొని యాఁకటివారికిఁ బని కల్పించెను. ఆ నెలలలో బాప్తిస్మము కోరి వచ్చినవారికి నతఁడు బాప్తిస్మ మీయలేదు. కూటికై వచ్చిన మనస్సును మాఱిన మనస్సుగా నెన్నరాదని యాతని జంకు. సహాయపుఁబని ముగిసిన పిమ్మట 1878 జూలై 3వ తేదీని ఒంగోలునకుఁ జేరువ గుండ్లకమ్మ యొడ్డున నొక్కనాఁడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ వేచియుండుటలో మాటయొక్క రెండర్థములకు నడుమ నున్న యెడము కానవచ్చును. ఒక భాషలోని పదము తన నీడను దానే మోయుచున్నప్పుడు, ఆ పదమును బలుకువారికి మెలఁకువ యెక్కువగును. పశ్చాత్తాప మను మాటకు నీడ లేదు. కావున హెచ్చరికయు లేదు. ఆ కారణమునను మారుమనస్సు మేలైన యెన్నిక యని మాకుఁ దోఁచుచున్నది.

రెండవది జన్మమునకు సంబంధించిన మాటల గుంపు. యోహాను సువార్త మూఁడవ యధ్యాయమున నీకొదేమను నొక యూదుల యధికారి రాత్రివేళ యేసునొద్దకు వచ్చును. అతఁడు ఇశ్రాయేలీయులకు బోధకుఁడు, శాస్త్రమెఱిఁగినవాఁడు. యేసు అతనితో అనోథెన్ పుట్టవలెనని చెప్పును. ఈ గ్రీకుమాటకు మరల యనియు, పైనుండి యనియు రెండర్థములు గలవు. వినువాఁడు మొదటి యర్థమును గ్రహించి, ముసలివాఁడు తల్లిగర్భమున రెండవమాఱు ప్రవేశింపఁగలఁడా యని యడుగును. చెప్పువాఁడు రెండవ యర్థమును వివరించును. సంభాషణ యంతయు ఈ శ్లేషమీఁదనే నడచుచున్నది. తెలుఁగున క్రొత్తగా అను మాట వేయఁబడినది. ఇది ఆ రెండర్థములలో దేనికిని సరి కాదు, శ్లేష పోయినది. అదే యధ్యాయము చివర నదే గ్రీకుమాట మరల వచ్చినప్పుడు, తెలుఁగున పైనుండి యని సరిగాఁ జెప్పఁబడినది. అధ్యాయపు మొదలు చివరలను గలుపు దారము తెలుఁగు చదువరికిఁ గానరాదు.

తెలుఁగున నట్టి శ్లేష సాధ్యము కాదా? మీఁదు అను మాట పరిశీలింపఁదగినది. మీఁదనుండి యనఁగా పైనుండి. ఇఁకమీఁద, మీఁదట యనఁగా తరువాత. స్థలమును గాలమును రెంటిని దెలుపు నీ పదము గ్రీకుపదమునకు మిక్కిలి చేరువది. కాని మీఁదటిజన్మ మన్నచో తెలుఁగువాఁడు చనిపోయిన తరువాతి జన్మమును మాత్రమే గ్రహించును. శ్లేష నిలుచును గాని సిద్ధాంతము మునుఁగును. కావున అనువాదకులు దానిని విడుచుట తప్పు కాదు. నష్టమని తెలిసియు మోయవలసిన నష్టమది. ఇంకొక త్రోవ వాడుకభాషలోఁ గలదు. గండము గడచినవాఁడు, విషజ్వరమునుండి లేచినవాఁడు, ఇది నాకు మఱుజన్మ మనును. ఇంటివారు మళ్లీ పుట్టినాఁడందురు. ఇచ్చట మరణము లేదు, దేహాంతరము లేదు. ఉన్న దేహముననే క్రొత్త యాయువు. చదువుకొన్నవారి మాటలలో పునర్జన్మము పరలోకవిషయము కాఁగా, పల్లెవారి నోట మఱుజన్మము ఈ లోకపుటనుభవము. నీకొదేము ప్రశ్నకు తెలుఁగు పల్లెటూరిలోనే జవాబున్నది.

పౌలు తీతునకు వ్రాసిన పత్రికలో తెలుఁగుపాఠము పునర్జన్మ మను మాటను వెనుదీయక వాడినది. బాప్తిస్మమును పునర్జన్మకు సంబంధించిన స్నానమని చెప్పినది. సంస్కృతసంప్రదాయ మెఱిఁగినవాఁడు దీనిని జదివి యులికిపడును. పునర్జన్మము తప్పించుకొనవలసిన చెఱ కదా. దానిని వరముగాఁ జెప్పుట యెట్లు? మన వేదాంతమున ముక్తుఁ డనఁగా మరల పుట్టనివాఁడు. ఇచ్చట ముక్తుఁ డనఁగా మరల పుట్టినవాఁడు. ఒక్కమాట రెండు దర్శనములలో రెండు దిక్కులకుఁ జూచుచున్నది. దీనిని అనువాదకుల యజ్ఞానమని త్రోసివేయువారు గ్రీకుమూలమును జూడవలెను. అచ్చటి మాట పలింగెనెసియా. క్రైస్తవులు చేపట్టిన యీ మాటను స్తోయికులు లోకము దగ్ధమై మరల నేర్పడుటకు వాడిరి. ప్లుటార్కు ఆత్మ దేహాంతరము పొందుటకు వాడెను. అనఁగా గ్రీకుపత్రికయు నితర దర్శనముల సొత్తైన మాటనే తీసికొని క్రొత్త యర్థమున నిలిపినది. తెలుఁగు అదే సాహసము చేసినది. మత్తయి సువార్తలో నదే గ్రీకుమాట లోకము నూతనమగుటను జెప్పినచోట, తెలుఁగున పునర్జనన మని వేయఁబడినది. జన్మమునకును జననమునకును గల యీ చిన్న భేదముచే వ్యక్తికిఁ గలుగునదియు లోకమునకుఁ గలుగునదియు వేఱుపఱుపఁబడినవి. ఇంతటి జాగ్రత్త పాదిరి తెలుఁగున నుండునని మనము సామాన్యముగా నెన్నము.

ఈ సందర్భమున వాడఁబడని మాట నొకదానిని జెప్పవలసియున్నది. రెండవమాఱు పుట్టినవాఁడను నర్థమున మన భాషలో వేలయేండ్లనుండి సిద్ధముగా నున్న పదము ద్విజుఁడు. తల్లివలన నొక జన్మము, ఉపనయనమున మౌంజీబంధనముచే రెండవ జన్మమని మనువు చెప్పెను. ఆత్మీయమైన రెండవ పుట్టుక, గురువు, మంత్రము, క్రొత్త యధికారము, అన్నియు నందుఁ గలవు. భావసామ్యమును మాత్రమే చూచినచో దీనికంటెఁ దగిన మాట లేదు. అయినను తెలుఁగుపాఠమున విశ్వాసికి నా పేరు పెట్టలేదు. కారణము స్పష్టము. ఆ రెండవ పుట్టుక మొదటి పుట్టుకచే నిర్ణయింపఁబడినది. ఎవఁడు ఎవరికిఁ బుట్టెనో దానినిఁ బట్టియే వాఁడు రెండవమాఱు పుట్టవచ్చునో లేదో తేలును. నీకొదేమునకుఁ జెప్పఁబడినది దీనికి వ్యతిరేకము: కులము, పాండిత్యము, అధికారము గలవానికిని అవి చాలవు, వాఁడును క్రొత్తగాఁ బుట్టవలసినదే. గలతీయులకు వ్రాసిన పత్రికలో యూదుఁడు, గ్రీసుదేశస్థుఁడు, దాసుఁడు, స్వతంత్రుఁడు అను భేదము తొలఁగినదని యున్నది. ద్విజశబ్దము దీనిని మోయలేదు.

ఈ విషయము సిద్ధాంతముగాక జీవితముగాఁ గానవచ్చుటకు ఇద్దఱిని స్మరింతము. పురుషోత్తమ చౌదరి (1803–1890) బ్రాహ్మణకుటుంబమునఁ బుట్టి, 1833లో బాప్తిస్మము పొంది, తెలుఁగు క్రైస్తవకీర్తనములకు మార్గదర్శకుఁడైనవాఁడు. రాగతాళములతోఁ, బల్లవి చరణములతోఁ గూడిన మన కీర్తనపద్ధతిలో నతఁడు రచించిన పాటలు నేఁటికిని సంఘములలోఁ బాడఁబడుచున్నవి. యెఱ్ఱగుంట్ల పేరయ్య మాదిగకులస్థుఁడు. అంతకుముందు యోగమార్గపు గురువుల నాశ్రయించినవాఁడు. 1866లో బాప్తిస్మము పొంది, ఒంగోలు ప్రాంతమునఁ దనవారికి మొదటి బోధకుఁడైనవాఁడు. వీరిద్దఱును క్రొత్తజన్మ మను నొక్కమాటనే పలికిరి. కాని మొదటివానికి నది యున్న ద్విజత్వమును విడిచి పుట్టుట. రెండవవానికి లేదనఁబడిన రెండవ పుట్టుకను బొందుట. ఒకఁడు మెట్టు దిగవలెను, ఒకఁడు మెట్టెక్కవలెను. ఇద్దఱును గలిసికొను చోటు ఒక్కటే. ద్విజుఁ డను మాట పెట్టియున్నచో చౌదరికి విడువవలసినది కనఁబడకపోయెడిది. పేరయ్యకు తలుపు తెఱువఁబడకపోయెడిది. క్రొత్తగా పుట్టుట యను సామాన్యమైన మాట, శ్లేషను గోలుపోయినదైనను, ఇద్దఱికిని సరిపోయినది. ఇచ్చట మాటయొక్క పేదఱికమే దాని బలము.

మూఁడవది పౌలు పత్రికలలోని పాతమనిషి, క్రొత్తమనిషి యను జంట. గ్రీకున నున్నది మనుష్యుఁ డను మాటయే. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక నాలవ యధ్యాయమున తెలుఁగుపాఠము ప్రాచీనస్వభావము, నవీనస్వభావము అని వేసినది. కొలొస్సయులకు వ్రాసినదానిలోను అట్లే. అదే యెఫెసీపత్రిక రెండవ యధ్యాయమున నదే గ్రీకుమాటకు నూతనపురుషుఁడని యున్నది. ఒకే పత్రికలో, రెండధ్యాయముల యెడములో, పురుషుఁడు స్వభావమైనాఁడు. ఇది మా దృష్టిలో నీ పాఠమునందలి నిజమైన లోపము. స్వభావ మనఁగా తన భావము, పుట్టుకతో వచ్చినది, మాఱనిది. నిప్పునకు వేఁడిమి స్వభావము. దానిని విడిచి నిప్పు లేదు. విడువరానిదానిని విడువుమనుట మాటలలోనే విరోధము. అంతేకాక, స్వభావ మన్నంతనే విషయము శీలసంస్కరణముగాఁ గుదించుకొనిపోవును. కోపము మానుట, అబద్ధము మానుట యను నంతవఱకే చదువరి పోవును. పౌలు చెప్పినది గుణములు మాఱుట కాదు, గుణి మాఱుట. రోమీయులకు వ్రాసిన పత్రికలో పాతమనిషి సిలువ వేయఁబడెనని చెప్పఁబడినది. మనిషిని సిలువ వేయవచ్చును, స్వభావమును సిలువ వేయుట యెట్లు? రూపకము ప్రాణము కోలుపోయినది.

దీనికిఁ దగిన వ్యాఖ్యానము మన సామెతలోనే యున్నది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోఁ గాని పోదని మనవారందురు. స్వభావము మాఱదని దీని తాత్పర్యము. నిరాశతోఁ బలికిన మాట. పౌలు ఈ సామెతను విన్నచో కాదనఁడు. నిజమే, పుడకలతోఁ గాని పోదు. కావుననే పాతమనిషి చావవలెను, పాతిపెట్టఁబడవలెను, పిదప లేవవలెనని యనును. రోమీపత్రిక యాఱవ యధ్యాయమున బాప్తిస్మము మరణములోనికిఁ బొందునదిగాఁ జెప్పఁబడుట యిందులకే. సామెత యెచ్చట నిలిచిపోయినదో అచ్చటనుండి పౌలుమాట మొదలగుచున్నది. ప్రాచీనపురుషుఁడని వేసియున్నచో తెలుఁగు చదువరికి నీ సంబంధము వెంటనే స్ఫురించెడిది.

ఆ తావుననే వాడఁబడిన ధరించుకొనుట యను క్రియ మాత్రము మెచ్చఁదగినది. గ్రీకుమాటకు బట్ట తొడుగుకొనుట యని యర్థము. తెలుఁగున ధరించుటకు వస్త్రమే కాదు, దేహమును గర్మము. జన్మము ధరించుట, గర్భము ధరించుట యని వాడుక గలదు. యజ్ఞోపవీతమును ధరింపఁబడునదే. కావున క్రీస్తును ధరించుకొనుట యన్న మాటలో పైవస్త్రము మొదలు దేహము వఱకు నన్ని యంతస్తులును గలవు. పై చెప్పిన మాఱువేషపు శంకకు నిచ్చట సమాధానము దొరకును: వేషము తీసివేయఁబడును, ధరింపఁబడిన జన్మము తీయఁబడదు.

పేరును గూర్చి యొకమాట. మతము మాఱినప్పుడు పేరు మార్చుకొనుట యాచారమైనది. దీనికి సౌలు పౌలైన కథను దృష్టాంతముగాఁ జూపుదురు. కాని అపొస్తలుల కార్యములు చూచినచో, దమస్కు త్రోవలో వెలుఁగు చూచిన పిమ్మటను అతఁడు సౌలుగానే యుండెను. చాల తరువాత, పదుమూఁడవ యధ్యాయమున, పౌలనియుఁ బిలువఁబడిన సౌలని చెప్పఁబడినాఁడు. ఒకటి యూదులలోఁ బిలుపు, ఒకటి రోమకులలోఁ బిలుపు. అబ్రాము అబ్రాహామగుట, సీమోను పేతురగుట వేఱు. అవి యీయఁబడిన పేరులు. కావున క్రొత్తమనిషికిఁ గ్రొత్తపేరు లక్షణము కాదు. క్రైస్తవకుటుంబమునఁ బుట్టిన గుఱ్ఱము జాషువా 1941లో గబ్బిలమున అరుంధతీయుని వేదనను శివునికి విన్నవింపఁజేసెను. 1958లో క్రీస్తుచరిత్రమును తెలుఁగుపద్యమున రచించెను. రెండవదానికి 1964లో కేంద్రసాహిత్య అకాడమీ పురస్కారము వచ్చెను. ఒక కవి హృదయమున రెండును ఇమిడినవి. నూతనత్వము పూర్వసాహిత్యసంపదను గాల్చివేయునది కాదనుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

ఇంతవఱకుఁ జూచినదానిని బట్టి తేలినది యిది. తెలుఁగు తన యనుభవకోశమునుండియే ఈ మాటలను దీసియిచ్చినది. అరువు తెచ్చికొన్నది బాప్తిస్మము వంటి కొలఁదిమాటలను మాత్రమే. ప్రతిమాటయుఁ దన పాతయర్థమును వెంటఁబెట్టుకొనియే వచ్చినది. మాఱు అను మాట వేషమును, పునర్జన్మము సంసారమును, స్వభావము మాఱనితనమును దెచ్చినవి. పాతయర్థముతోఁ బెనఁగులాడి గెలిచినచోట మాట సజీవమైనది. పెనఁగులాట లేక యొదిగిపోయినచోట చప్పబడినది. మనుష్యుఁడు నూతనుఁడగుటయు నిట్టిదే కాదా? పాతదానిని మఱచినవాఁడు కాదు, పాతదానితోఁ బెనఁగులాడినవాఁడు నూతనుఁడు.

కడపట నొక మాటను జూపి విరమింతుము. తప్పిపోయిన కుమారుఁడు దూరదేశమునఁ బందుల మేపుచు నాఁకలిగొన్నప్పుడు గ్రీకుమూలమున తనలోనికిఁ దాను వచ్చెనని యున్నది. తెలుఁగుపాఠమున వానికి బుద్ధి వచ్చెనని యున్నది. తల్లి బిడ్డనుగూర్చి యనుమాట, ఊరిపెద్ద దుడుకువానినిగూర్చి యనుమాట. సంస్కృతసమాసము లేదు, అరువుపదము లేదు, వింతపోకడ లేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పోదని సామెత చెప్పఁగా, పుట్టిన చాలనాళ్లకు, కఱవులో, పరాయిదేశమున, ఒకనికి బుద్ధి వచ్చినదని యీ కథ చెప్పుచున్నది. వచ్చిన బుద్ధికి ఫలము ఇంటికిఁ దిరిగి పోవుట. తెలుఁగు వాచకములు కూర్చువారును, సాహిత్యచరిత్రములు వ్రాయువారును ఈ భాషను పాదిరి తెలుఁగని ప్రక్కకుఁ ద్రోయక, ఇట్టి మాటలనైన మన మాటలుగాఁ బరికింతురుగాక.